కమాన్ల కోసం ప్రార్థన

మిల్లర్స్ బెండ్, ఆర్కాన్సా
మార్చి 9, 1993

హేజెల్ వదినకు,

మీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తున్నాను. మేము ఇక్కడికి వచ్చి రెండు వారాలైంది. తొమ్మిది జంటలం, తొమ్మిది మోటార్ హోములు, చక్రాల మీది మా ఇళ్ళు, చర్చి వెనక గడ్డిలో వరసగా నిలుపుకున్నాం. ఊరూరా తిరుగుతూ ఈసారి కడుతున్నది చర్చికి ఆనుకుని ఆదివారపు బడి గదులు. చుట్టూ వరి పొలాలు. ఎటు చూసినా నేల రొట్టెల పీటలా ఉంటుంది.

ఈ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టి చింపేశానో. చర్చి ఫోనులో మాట్లాడదామంటే ఎప్పుడూ ఎవరో ఒకరు పక్కనే ఉంటారు. మీరు ప్రేమగా ఇచ్చిన బండి గురించి మీకే ఫిర్యాదు రాయవలసి రావడం నాకు తలవంపుగా ఉంది.

బండి వెనక భాగం ఎడమవైపుకి ఒరిగిపోతోంది వదినా. చలికాలం చివర మొదలైంది. టేబుల్ మీద నారింజ పండు పెడితే దొర్లుకుంటూ వెళ్ళి మీ తమ్ముడి ఒళ్ళో పడుతుంది. బండి ఆగిన చోటల్లా ఎడమ చక్రాల కింద చెక్కలు పెట్టి సరిచేసుకుంటున్నాం. అయినా నడిచేటప్పుడు అందరికీ కనిపిస్తుంది. "బరువు మోసే కమాన్ పట్టీలు చచ్చిపోయాయి. పంతొమ్మిదేళ్ళ బండి, ఫ్లాయిడ్ బావ అరగదీశాక మన చేతికొచ్చింది" అంటున్నారు ఆయన.

జూన్‌లో మా గుంపు ఓజార్క్ కొండల్లోకి వెళ్తుంది. ఈ కమాన్లతో కొండ ఎక్కలేమని, బండి అమ్మేసి ఈ సేవ మానుకుందామని అంటున్నారు. ఈ బండి లేకపోతే ఈ మనుషులు లేరు, ఈ పని లేదు. నాకు చేతనైంది వంట, గోడలకు రంగు. ప్రభువు నన్ను వాడుకున్నది ఈ రెంటిలోనే. ఇక మానేయాలంటే గుండె ఒప్పుకోవడం లేదు.

ఇంకొకటి కూడా చేశాను. ఉదయం ప్రార్థనలో మా గుంపు పెద్ద ఎమెట్ గారు మనవులున్నాయా అని అడిగినప్పుడు, "మా బండి కమాన్ల కోసం ప్రార్థించండి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. అందరూ తలలు వంచారు. మీ తమ్ముడు వెండెల్ కూడా వంచారు. బయటికొచ్చాక, "ఆస్పత్రిలో ఉన్నవాళ్ళ వరసలో ఇనప ముక్కల్ని కూర్చోబెట్టావా?" అన్నారు. ఆ రోజంతా ఆయన ముఖం చూడలేకపోయాను.

కమాన్లు నిజంగా పోయాయో లేదో ఎలా తెలుసుకోవాలి? మీకు తెలిసినంత నాకు తెలిసినవాళ్ళలో ఎవరికీ తెలియదు.

మీ ఆర్లీన్


ఎల్మ్‌డేల్, కాన్సాస్
మార్చి 17

ఆర్లీన్,

నీ ఉత్తరం చదువుతూ పొయ్యి మీద చిక్కుళ్ళు మాడ్చాను. గిన్నె ఇంకా నానుతోంది.

అరగదీశాడా! ఆ మాట అన్నది నా తమ్ముడేనా? ఫ్లాయిడ్ పోయే ముందటి వేసవిలో వెనక కమాన్లు రెండూ విప్పి, ఒక్కోదానికి ఒక కొత్త పట్టీ చేర్చి బిగించాడు. పక్కన పడుకుని దీపం పట్టుకున్నది నేను. నా జుట్టులో గ్రీజు వారం రోజులు పోలేదు. ఆ కమాన్లు నాకంటే బాగున్నాయి.

ఒరిగినంత మాత్రాన కమాన్లు పోయినట్టు కాదు. ముందు రెండు ట్యాంకులూ ఖాళీ చేయించు, మంచినీళ్ళదీ మురుగుదీ. చదునైన చోట టేపు పట్టుకుని నేల నుంచి చక్రం పైన రేకు అంచు దాకా కొలువు, రెండు వైపులా. తర్వాత చక్రాలకు అడ్డం పెట్టి కింద దూరు. పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఎక్కడైనా విరిగితే అక్కడ తుప్పు సన్నగా ఎర్ర గీతలా కనిపిస్తుంది. వంపు మిగిలి ఉందా, బల్లలా పడుకుందా, అదీ చూడు. పక్కనే గొట్టంలాంటి షాక్ అబ్జార్బర్ ఉంటుంది. దానికి నూనె తడి తగిలితే దాని పని అయిపోయింది. కానీ అది బండిని మోయదమ్మాయ్, ఊగకుండా పట్టుకుంటుందంతే. అది పోయినందువల్ల బండి ఒరగదు. ఈ తేడా తెలియకుండానే సొంత గ్యారేజీలు పెట్టినవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు.

కొలిచి రాయి. అప్పటిదాకా నా మొగుడి కమాన్ల మీద ఎవరి చేతా ప్రార్థనలు చేయించకు. ఆయన పైనుంచి వింటే నొచ్చుకుంటాడు.

హేజెల్


మిల్లర్స్ బెండ్
మార్చి 28

వదినకు,

మీరు నొచ్చుకున్నారు. ఆ మాట నేను రాయకుండా ఉండవలసింది. క్షమించండి.

మీరు చెప్పినట్టే చేశాను. అట్టపెట్టె పరుచుకుని, పాత గౌను వేసుకుని బండి కిందికి దూరాను. నా కాళ్ళు మాత్రం బయట ఉన్నాయి. ఎమెట్ గారు అటుగా వెళ్తూ ఆగి, "సహోదరీ, ఏమైనా పోగొట్టుకున్నారా?" అన్నారు. మర్యాద తప్ప ఏమీ పోగొట్టుకోలేదని అందామనుకున్నాను గానీ, ఆయన వెళ్ళిపోయేదాకా అలాగే పడుకున్నాను.

పట్టీల మీద ఎర్ర గీత ఎక్కడా లేదు. వంపు ఉంది, ఎడమవైపు కాస్త తక్కువ. ఎడమ గొట్టం నూనెతో తడిగా ఉంది. వింత ఏమిటంటే, టేపుతో కొలిస్తే ఎడమవైపే అంగుళంన్నర ఎత్తుగా ఉంది! మూడుసార్లు కొలిచాను.

ట్యాంకు శనివారమే ఖాళీ అయింది. ఆ పని ఎప్పుడూ వెండెల్ చేస్తారు, నన్ను దగ్గరికి రానివ్వరు. నాకు శ్రమ తగ్గించాలనే ఆయన తాపత్రయం. స్నానానికి కూడా చర్చి గదులకే వెళ్దామంటున్నారు, మన గది కడుక్కునే పని ఉండదని. ఈసారి ఇటుకలు కూడా తను పేర్చడం లేదు. కొత్తగా చేరిన ఇద్దరికి పని నేర్పుతూ, చదును చూసే రసమట్టం పట్టుకుని గోడ వెంబడి తిరుగుతున్నారు. మంచి గురువు అంటున్నారు అందరూ.

ఆర్లీన్


ఎల్మ్‌డేల్
ఏప్రిల్ 4

ఆర్లీన్ అమ్మా,

ఎడమ చక్రాల కింద చెక్కలు తీశావా?

తీయలేదు. తీసి ఉంటే ఆ అంగుళంన్నర ఎత్తు ఎక్కడి నుంచి వస్తుంది? చెక్క ఎత్తు కూడా కలిపి నేల నుంచి కొలిచావు. చదివి ఒక్కదాన్నే వంటింట్లో నవ్వుకున్నాను. ఫ్లాయిడ్ పోయాక ఇంత గట్టిగా నవ్వింది ఇదే.

మీ చుట్టూ వరి పొలాలేగా. వడ్లు ఆరబెట్టే చోట లారీల కాటా ఉంటుంది. కోతలు లేని రోజుల్లో ఖాళీగానే పడి ఉంటుంది. అక్కడికి తీసుకెళ్ళు. ముందు ఎడమ చక్రాలు మాత్రం కాటా మీదికి ఎక్కించి తూయించు, తర్వాత కుడి చక్రాలు. అక్కడ సిమెంటు నేల ఉంటుంది, ఎత్తు కూడా అక్కడే కొలువు. ఎంత మోస్తోందో తెలియకుండా కమాన్లను తిట్టడం అన్యాయం.

వెండెల్ ఒక్క ముక్క కూడా రాయడేం? వాడి ▬▬▬▬▬▬▬

పైన కొట్టేసింది పట్టించుకోకు. కలం జారింది.

హేజెల్


మిల్లర్స్ బెండ్
ఏప్రిల్ 19

వదినకు,

కాటా దగ్గరికి రమ్మంటే ఆయన రాలేదు. "మా అక్క చెప్పిందని బండిని వడ్ల బస్తాలా తూయించాలా? పోయినవి పోయాయి, వదిలెయ్" అన్నారు. ఆయన గొంతు అలా లేవడం నాకు కొత్త. మధ్యాహ్నం ఆయన పనిలో ఉండగా చెప్పకుండా నేనే నడుపుకుంటూ వెళ్ళాను. ఇంత పెద్ద బండిని ఒంటరిగా నడపడం అదే మొదలు. దారిలో ఎదురైన ట్రాక్టరుకు క్షమాపణగా చెయ్యి ఊపాను, అతని తప్పేమీ లేకపోయినా అతనూ తిరిగి ఊపాడు.

కాటా దగ్గర ఒక ముసలాయన ఉన్నాడు. ఎడమ చక్రాలు తూచాడు, కుడివి తూచాడు, మళ్ళీ ఎడమవి తూచాడు.

"ఏం దాచావమ్మా ఆ పక్కన?" అన్నాడు.

"ఏమీ లేదండీ. మంచం, దుప్పట్లు."

"దుప్పట్లు సీసంతో నేశారా? కుడివైపు కంటే ఆరు వందల పౌండ్లు ఎక్కువుంది. అదీ అంతా వెనకే."

చదునైన సిమెంటు మీద కొలిస్తే ఎడమవైపు దగ్గర దగ్గర రెండంగుళాలు దిగి ఉంది. అతను వంగి కింద టార్చి వేసి చూశాడు. "ఈ కమాన్లకు జబ్బేం లేదు. ఎవడో శ్రద్ధగా చేసిన పని ఇది. పాపం, మోయవలసిన దానికన్నా ఎక్కువ మోస్తున్నాయి" అన్నాడు. ఆ మాట మీకు రాయాలని దారంతా మనసులో పట్టుకుని వచ్చాను.

సాయంత్రం ఆయనకు అంతా చెప్పాను. మర్నాడు ఉదయం ప్రార్థనలో ఎమెట్ గారు, "మన కమాన్ల సంగతేంటి?" అని రోజూలాగే అడిగారు. వెండెల్ లేచి, "అవి అలాగే ఉన్నాయి. ఇక లాభం లేదు" అన్నారు. అందరూ మళ్ళీ తలలు వంచారు. వదినా, ఆయన ప్రార్థన చోట అబద్ధం చెప్పారు. నేను పక్కనే కూర్చుని నోరు మూసుకున్నాను. ఎవరి కోసం ప్రార్థించాలో తెలియక కళ్ళు మాత్రం మూసుకున్నాను.

ఇంకొక మాట దాచాను. మా బండిలో వాసన వస్తోంది. ఎండలు ముదిరాయి కదా, అందుకని అనుకుంటూ మందు నీళ్ళు పోస్తున్నాను. ఎవరైనా పలకరించడానికి వస్తే గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపేస్తున్నాను. ట్యాంకు ఎంత నిండిందో చూపించే దీపం మీరు మాకిచ్చిన నాటి నుంచీ "సగం" అనే చెబుతుంది, దాన్ని నమ్మలేం. ఆడదాన్నై ఇల్లు శుభ్రంగా ఉంచుకోలేకపోయానని మీకు రాయడానికి సిగ్గుపడ్డాను.

ఆర్లీన్


ఎల్మ్‌డేల్
ఏప్రిల్ 24

ఆర్లీన్,

మురుగు ట్యాంకు ఎడమవైపే ఉంటుంది, వెనక చక్రం అవతల. నువ్వు కూడా ఈపాటికి గ్రహించే ఉంటావు.

ఇక నా సిగ్గు కూడా విను. క్రిస్మస్‌కి మీరిద్దరూ వచ్చినప్పుడు, నువ్వు చర్చికి వెళ్ళిన పూట, ఫ్లాయిడ్ కప్పు వెండెల్ చేతిలోంచి జారి పగిలింది. జారింది అన్నాను గానీ జారలేదు. వాడి కుడి చేతి వేళ్ళు దాన్ని పట్టుకోలేకపోయాయి. చేయి పట్టుకుని చూద్దామంటే లాక్కున్నాడు. "ఆర్లీన్‌కి చెబితే నీ గడప తొక్కను" అన్నాడు. ఒట్టు పెట్టించుకున్నాడు. పిల్లి పగలగొట్టిందని దాన్ని తిట్టి ముక్కలు ఎత్తేశాను. నువ్వు తిరిగొచ్చి ఆ పిల్లినే ఓదార్చావు.

ఆ కొట్టేసిన పంక్తిలో ఉన్నది "వాడి చెయ్యి ఎలా ఉంది" అని. ఒట్టు గుర్తొచ్చి నల్లగా పూసేశాను. ఫ్లాయిడ్ పేరు పోతోందని కోపంతో ఊగిపోయానే గానీ, తమ్ముడు బండి మీద నెపం ఎందుకు పెడుతున్నాడని ఒక్కసారి ఆగి ఆలోచించలేదు. ఆ ట్యాంకు పిడి బలంగా గుంజితే గానీ రాదు. ఫ్లాయిడే బూతులు తిట్టుకుంటూ లాగేవాడు.

శనివారం వాడి వెనకాల వెళ్ళు. కోప్పడకు. నువ్వు కోప్పడవులే, అది నాకు చెప్పుకుంటున్నాను.

హేజెల్


మిల్లర్స్ బెండ్
మే 2

వదినకు,

నిన్న శనివారం. ఆయన చేతి తొడుగులు వేసుకుని, గొట్టం భుజాన వేసుకుని వెళ్ళారు. కాసేపాగి నేను వెళ్ళాను.

ఆయన మోకాళ్ళ మీద ఉన్నారు. కుడిచేత్తో పిడి పట్టుకుంటే వేళ్ళు ఒక్కొక్కటే విడిపోతున్నాయి. ఎడమచేత్తో ప్రయత్నించారు, ఆ మూలకు అది అందదు. చివరికి బూటు కాలితో తోశారు. పిడి రెండు వేళ్ళంత కదిలింది. నీళ్ళు కాస్త కారి ఆగిపోయాయి. ఆయన గొట్టం చుట్టడం మొదలుపెట్టారు. ప్రతి శనివారం జరిగింది ఇదే. నీళ్ళు కొంచెం పోయేవి, మిగతాది లోపలే ఉండిపోయేది.

"ఏమండీ, నేను లాగనా?" అన్నాను.

ఆయన వెనక్కి తిరగలేదు. "ఎంతసేపైంది వచ్చి?"

"ఇప్పుడే."

"అబద్ధం నీకు చేతకాదు ఆర్లీన్." తొడుగు విప్పి చెయ్యి చూసుకున్నారు. "కమాన్లు పోయాయంటే ఎవరూ మనిషిని జాలిగా చూడరు. తాపీ మేస్త్రీకి చెయ్యి పోయిందంటే గుంపులో వాడికి పనేముంది? ప్రార్థనలప్పుడు బైబిలు మొయ్యడమా?"

"దేవుడి ముందు కూడా కమాన్లనే అన్నారు."

"ఆయనకు తెలియనిదా? తీసుకున్నది ఆయనే."

వదినా, ఆయన గుండీల చొక్కాలు మానేసి మెడలోంచి తొడుక్కునేవే వేసుకుంటున్నారని, కప్పు ఎడమచేత్తో పట్టుకుంటున్నారని నాకు అప్పుడు తోచింది. నేనే ఆ చొక్కాలు ఉతికి ఆరేశాను. ఉతికినన్నాళ్ళూ ఏమీ చూడలేదు.

నేను గొట్టం మళ్ళీ తగిలించి కూర్చుని, కాలు చక్రానికి తన్నిపెట్టి రెండు చేతులతో గుంజాను. రాలేదు. మళ్ళీ గుంజాను. ఒక్కసారిగా వచ్చేసింది. గొట్టం మూతి నేను సరిగా బిగించలేదు. మీకు వివరించను. గౌనంతా, బూట్లంతా. సరిగ్గా అప్పుడే ఎమెట్ గారు కాఫీ కప్పుతో మలుపు తిరిగి వచ్చారు. మమ్మల్ని చూసి, ఆకాశం వంక చూసి, ఏదో కీర్తన కూనిరాగం తీస్తూ వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

నాకు మొదట తోచింది ఆయన చెయ్యి గురించి కాదు. ఎవరెవరు చూశారా అని చుట్టూ చూశాను. అది రాయకపోతే ఈ ఉత్తరం కూడా అబద్ధమే అవుతుంది.

సాయంత్రం దాకా నీళ్ళు పోసి పోసి కడిగాం. తర్వాత చెక్కలు తీసి చర్చి ముందున్న సిమెంటు మీద కొలిచాను. ఎడమవైపు లేచింది. రెండంగుళాల తేడా ఇప్పుడు అరంగుళం కూడా లేదు. ఫ్లాయిడ్ అన్నయ్య కమాన్లు ఇన్నాళ్ళూ మా బరువును కిక్కురుమనకుండా మోశాయి. వాటిని నిందించినందుకు మీరు మమ్మల్ని క్షమించాలి.

ఆర్లీన్


ఎల్మ్‌డేల్
మే 8

ఆర్లీన్ అమ్మా,

క్షమాపణలు చాలు. ఇద్దరం ఇలాగే వంతులేసుకుంటే తపాలా బిళ్ళలు అమ్మేవాళ్ళే బాగుపడతారు.

అరంగుళం తేడా అంటే పాత బండికి ఆరోగ్యమే. కమాన్లను ముట్టుకోవద్దు. నూనె కారే షాక్ అబ్జార్బర్ మాత్రం మార్చాలి. ఒక్కటే మార్చకూడదు, వెనకవి రెండూ కలిపే మార్చాలి. ఫ్లాయిడ్ కొన్న కొత్త జత షెడ్డులో పెట్టె విప్పకుండానే ఉంది. ఎందుకు దాస్తున్నానో నాకే తెలియదు. బస్సులో పంపిస్తున్నాను. అవి వేశాక కొండలెక్కండి.

వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. వెళ్ళనంటే, వాడు పగలగొట్టిన కప్పు ఖరీదు అదేనని అక్క అన్నదని చెప్పు.

ఒక్కటి మాత్రం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. అక్కడ అంతమంది ఇంకా రోజూ నా మొగుడి కమాన్ల కోసం తలలు వంచుతున్నారా? వాళ్ళకు ఎవరో ఒకరు సాక్ష్యం చెప్పాలిగా. ఎవరు చెబుతారో నేను చెప్పను.

హేజెల్


మిల్లర్స్ బెండ్
మే 30

వదినకు,

పెట్టె అందింది. ఎమెట్ గారు, నేను కలిసి కిందికి దూరి బిగించాం. వెండెల్ బయట కూర్చుని ఏ పానా కావాలో చెప్పారు. ఇప్పుడు గతుకుల్లో బండి ఒక్కసారి ఊగి నిలబడుతోంది.

డాక్టరు చూశాడు. మోచేతి దగ్గర నరం నొక్కుకుపోయిందట. జూలైలో కోస్తారు. సగం పట్టు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. బండిలోకి వచ్చాక ఆయన చాలాసేపు తాళం తిప్పలేదు. నేను తిప్పాను.

మీరు అడిగిన సాక్ష్యం గురించి. ఆ శనివారం తర్వాత ఎమెట్ గారు కమాన్ల మాట ఎత్తడం మానేశారు. రోజూ మనవులు అడుగుతారు, మా వైపు చూడరు. అది మరీ కష్టంగా ఉండేది. లేచి చెప్పేద్దామని నాకు గొంతు దాకా వచ్చేది. మీ మాట గుర్తొచ్చి ఊరుకునేదాన్ని.

మొన్న బుధవారం ఆయన తనంతట తనే లేచారు. ముందు కుర్చీ వీపును ఎడమచేత్తో పట్టుకున్నారు.

"కమాన్ల గురించి చెప్పాలి. అవి బాగున్నాయి. మొదటి నుంచీ బాగానే ఉన్నాయి. మా బావ చేసిన పని అది. నేను చెడిపోయిన దాన్ని వదిలి మీ చేత వేరే భాగానికి ప్రార్థన చేయించాను" అన్నారు. కుడిచెయ్యి ఎత్తి, పిడికిలి బిగించబోయారు. అది ఎంతవరకు ముడుచుకుంటుందో అందరూ చూశారు. "పోయింది ఇది. చెప్పడానికి సిగ్గుపడి మీ ముందూ దేవుని ముందూ అబద్ధమాడాను."

నేను నా బూట్ల వంకే చూస్తున్నాను. ఎండిన మరక ఇంకా పోలేదు.

అప్పుడు ఎమెట్ గారు, "అయితే ఆ ప్రార్థనలన్నీ మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలా వెండెల్? నా మోకాళ్ళ మీద నీకు జాలి లేదా?" అన్నారు. ఎవరో పకపకా నవ్వారు. తర్వాత అందరూ లేచి వచ్చి ఆయన చుట్టూ నిలబడ్డారు, ఆ చేతి మీద చేతులు వేశారు. ఆయన ఏడ్చారు. నేనూ ఏడ్చాను గానీ, ఈసారి ఎవరు చూస్తున్నారో చూడలేదు.

వచ్చే వారం, జూన్‌లో, కొండలకు బయలుదేరుతున్నాం. ఆయన అక్కడ కూడా రసమట్టం పట్టుకునే తిరుగుతారు, కానీ అది ఎందుకో ఇప్పుడు అందరికీ తెలుసు. శనివారాలు గొట్టం నాది. గొట్టం మూతి ముందు బిగించాలని నేర్చుకున్నాను. ఇది రాస్తూ టేబుల్ మీద నారింజ పెట్టి చూశాను. కొంచెం కదిలి, ఆలోచించుకుని ఆగింది.

కింద ఖాళీ ఉంచమన్నారు ఆయన. ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటున్నారు. రాత్రి భోజనాలప్పుడు మొదలుపెట్టారు, నేను గిన్నెలన్నీ కడిగి తుడిచి లోపల పెట్టేదాకా రాశారు. నన్ను చూడనివ్వలేదు, కానీ కవరు అంటించవలసింది నేనేగా.

ఆర్లీన్

అక్కా
కమాన్లు బావవి. బాగున్నాయి.
చెయ్యి నాది.
వెండెల్